మగ్గాల షెడ్డు వెలుగు

అంగీఠీ దిక్కు జరుగుండ్రి, బొగ్గులు మంచిగ రాజుకున్నయి. ఛతర్‌పూర్‌ల ధాన్ మిల్‌కు పొయ్యొచ్చి బొమ్మలు చూసినమని మురుస్తున్నరు గదా. గింజలు నిలువ పెట్టిన గోదాములల్ల ఇయ్యాల గ్యాలరీలు నడుస్తున్నయంటే నాకూ సంతోషమే. గని నా పాణం కొట్టుకునేది బట్టల మిల్లుల కోసం. ఇనుండ్రి.

మా నాయిన వరంగల్ ఆజంజాహి మిల్లుల సాంచాల మీద పనిచేసిండు. 1934ల నిజాం కాలంల పెట్టిన మిల్లది. రైల్వేల నౌకరి దొరికి నేను ఢిల్లీకొస్తే కిషన్‌గంజ్‌ల క్వార్టర్ ఇచ్చిన్రు. దగ్గర్లనే ఢిల్లీ క్లాత్ మిల్లు! 1889ల పుట్టింది, అందరు డీసీఎం అనేటోళ్లు. షిఫ్టు మారే సైరన్ ఇని మీ నాయినమ్మ చాయ్ పెట్టేది. గేటుకెళ్లి బయటికొచ్చేటోళ్ల తల మీద, కనుబొమ్మల మీద పత్తి నూగు తెల్లగ పట్టి ఉండేది. మా నాయిన గూడ అట్లనే ఇంటికొచ్చేటోడు. భాష రాని ఊర్ల నాకు ధైర్యమిచ్చింది ఆ నూగే.

ఆ మిల్లు లాలా శ్రీరామ్ చేతుల పెద్దగైంది. ఆ ఇంటోళ్లు కళలకు చేసింది తక్కువేం గాదు. శ్రీరామ్ భారతీయ కళాకేంద్రం వాళ్లు పెట్టిందే, 1957 నుంచి ఏటా ఆడే రాంలీల దాందే. బట్ట అమ్మిన పైస ఆటకు, పాటకు ఆసరైంది. 1989ల మిల్లు మూసినప్పుడు ఆ షెడ్లను గూడ కళకు ఇడిస్తే ఎంత బాగుండు! ఇప్పుడాడ దుకాణాలు, ఫ్లాట్లు.

ఆనక 1996ల సుప్రీంకోర్టు 168 కార్ఖానలను ఢిల్లీల నడపొద్దన్నది. సబ్జీమండీ బిర్లా మిల్లు హిమాచల్‌ల బద్దీకి పోయింది, స్వతంత్ర భారత్ మిల్లు రాజస్థాన్‌ల టోంక్‌కు పోయింది. బతుకంత ఈడ గడిపినోడు పెండ్లాం పిల్లలను తీస్కొని యాడికి పోతడు? పొగ తగ్గాలె, నేను కాదన. అదే కోర్టు, ఆ కార్ఖానల జాగలు పది హెక్టార్లు దాటితే అండ్ల 68 శాతం ప్రజల అవసరాలకు ఇడవాలె అన్నది. అంటే జాగ లేదనే మాట చెల్లది. ఒక్క మగ్గాల షెడ్డన్న నిలవెడితే సరిపోయేది.

పాత మిల్లు షెడ్డు కప్పు చూసిన్రా ఎన్నడన్న? రంపం పండ్ల తీరుంటది. ఒక వాలుకు రేకులు, ఉత్తరం దిక్కు నిలువుగ అద్దాలు. ఎండ నేరుగ పడది, పొద్దంత ఒక్కతీరు వెలుగు. సాంచ మీద పోగు తెగితే కంటికి ఆనాలె, అందుకే అట్ల కట్టేది. బొమ్మలేసేటోడు దేవులాడేది గూడ అదే వెలుగు. పెద్ద కప్పు, నడుమ స్తంభాలు, బరువు మోసే నేల, అన్నీ తయారుగ ఉన్నదాన్ని పలుగు పెట్టి పడగొట్టిన్రు. మన ఆజంజాహిని గూడ అట్లనే కూల్చి ప్లాట్లు కొట్టిన్రు. ఆ మాట ఫోన్‌ల ఇన్ననాడు నాకు బుక్క దిగలే.

పాతదాన్ని నిలవెట్టుడు ఈ ఢిల్లీకి రాని విద్యేం గాదు. కైలాష్ కాలనీ అవతల గఢీ ఊరున్నది. మొగలాయిల నాటి గోడలు, లోపట కమాన్ల అర్రలు. 1976ల లలిత కళా అకాడమీ వాటిని కళాకారులకిచ్చింది, శిల్పి శంఖో చౌధురి పూనుకోని చేయించిండు. ఆడ అచ్చుబొమ్మల స్టూడియోను ఏండ్లకేండ్లు సూసుకున్నది మనోడే, హైదరాబాద్‌ల చదివిన దేవరాజ్ డాకోజి.

నేనాడ ఓ పిలగాడు పని చేస్తుంటే నిలవడి చూసిన. సున్నపురాయి పలకను ఇసుక, నీళ్లతోని నున్నగ నూరిండు. జిడ్డు పెన్సిల్‌తోని ఎడ్లబండి గీసిండు. బంక, ఆమ్లం కలిపి పూసి, తడి చేసి, రోలర్‌తోని సిరా దొర్లిస్తే, గీసిన కాడ్నే సిరా పట్టింది. తడి ఉన్న కాడ అంటనే లేదు. చేతులకు మసి, ముక్కు మీద మసి, ఆ పిలగాని మొకంల ఎంత శ్రద్ధనో! మా నాయిన పోగు అతికేటప్పుడు గట్లనే ఉండెటోడు.

మీ సెలవులు అయిపోకముందే ఆడికి తీస్కపోత. ఆదివారం వద్దు, ప్రెస్సు నడిచేనాడు పోదాం. కాయితం ఎత్తంగనే బొమ్మ ఎటు తిరిగుంటదో మీరే చూసి నాకు చెప్పుండ్రి.