తెలుగునాట దూరదర్శనం

ధ్వనినే నమ్ముకొని పనిచేసే ఆకాశవాణి వారము మేము. చిత్రాన్ని వెంటబెట్టుకొని వచ్చిన మా తమ్ముడు దూరదర్శనం. 1976 ఏప్రిల్ 1 వరకు ఉభయులదీ ఉమ్మడి కుటుంబమే. కనుక హైదరాబాదు దూరదర్శన కేంద్రం కథ చెప్పుటకు మాకు కొంత చనువు గలదు.

మన దేశంలో టెలివిజను 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో పుట్టినది. 1972లో బొంబాయి చేరినది. ఈ క్రొత్త సాధనం ముందుగా మహానగరాలనే వరించినది. తెలుగు విషయంలో మాత్రం ఈ వరుస తారుమారైనది. ఇక్కడ దానిని మొదట చూచినవారు పల్లెవాసులు.

1975 ఆగస్టు 1న ‘సైట్’ అనే ప్రయోగం ఆరంభమైనది. అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహాన్ని ఒక యేడాదికి ఎరువు తెచ్చుకొని, మన అంతరిక్ష శాస్త్రజ్ఞులు ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందించినారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్లగూళ్లకు వాడే తీగవలతో అల్లిన పదడుగుల వెడల్పు గొడుగు ఆకాశం నుండి సంకేతాలను అందుకొనేది. ఊరందరికీ ఒకే పెట్టె. ఉదయం బడిపిల్లలకు పాఠాలు. సాయంకాలం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం, వినోదం. తెలుగు కార్యక్రమాలు హైదరాబాదులో తయారైనవి. మదరాసు నగరంలో టెలివిజను కేంద్రం ఆరంభమైనది ఆ నెల 15వ తేదీన. అంటే మన పల్లెలు ఆ మహానగరం కంటె రెండు వారాలు ముందున్నవి!

1976 జులై 31తో గడువు తీరినది. ఎరువు సొమ్ము తిరిగి వెళ్లినది. ఆ పల్లెలను చీకటిలో విడువరాదని, సైట్ జరిగిన ప్రాంతాలలో ప్రభుత్వం భూమిపైననే ప్రసార కేంద్రాలను నెలకొల్పినది. అందులో ఒకటిగా హైదరాబాదు కేంద్రాన్ని 1977 అక్టోబరు 23న రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డిగారు ప్రారంభించినారు.

అయితే ఉపగ్రహం చూపు వేరు, స్తంభం చూపు వేరు. మా మధ్యతరంగాలు నేలను అంటిపెట్టుకొని బహుదూరం పోగలవు. టెలివిజను తరంగాలు ఋజుమార్గాన పోయి దిఙ్మండలం దాటిన పిదప అందవు. అందుచేత నగరం చుట్టుప్రక్కల ఊళ్లకు బొమ్మ దక్కినది. దూరపు ఊళ్లకు దక్కలేదు. పల్లెల కొరకు నిలిచిన స్తంభం క్రింద, పెట్టె కొనగల పట్టణ గృహస్థులే ముఖ్య ప్రేక్షకులైనారు.

1983లో ఇన్సాట్-1బి ఆకాశానికి ఎగసిన తరువాత చిన్న పట్టణాలలోను ప్రసారిణులు వెలసినవి. కాని వానిలో పెక్కు ఢిల్లీ కార్యక్రమాలనే అందించినవి. బొమ్మ గడప దాటి ఇంట్లోకి వచ్చినది. తెలుగు మాట గడపవద్దనే ఆగినది. ఆ మాటను రాష్ట్రమంతటికీ, ఎల్లలు దాటి ఇతర రాష్ట్రాల తెలుగువారికీ చేర్చుటకు 1993లో ఉపగ్రహం ద్వారా ప్రాంతీయ భాషా ప్రసారం రావలసి వచ్చినది. అదియే 2003లో ‘సప్తగిరి’ అయినది. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు ఆ పేరు విజయవాడకు చేరగా, హైదరాబాదు ప్రసారం ‘యాదగిరి’ అయినది.

ఆకాశం నుండి నేలకు, నేల నుండి తిరిగి ఆకాశానికి సాగిన ఈ ప్రయాణం మా వృత్తివారికి ఒక పాఠం చెప్పుచున్నది. కేంద్రపు వ్యాప్తిని మైళ్లలో కొలిచి తృప్తిపడరాదు. ఎంత దూరం వినబడినది, ఎంత దూరం కనబడినది అనుటతో పాటు, ఎవరి భాషలో, ఎవరి అవసరానికి అని కూడ అడుగవలెను. ఆ తీగవల గొడుగు క్రింద కూర్చున్న రైతుకు తొలినాడు అందినది తన మాట, తన పొలం ముచ్చట. తెలుగు ప్రసారాలకు ఇప్పటికిని సరియైన కొలమానం అదియే.