రాక్‌ఫెల్లర్ల మూలపురుషుడు ఎవరు? ఒక పిండిమర, ఒక కోట కథ, ఒక దొంగ పేరు

ఈ ఎపిసోడ్‌లో ఒక ఇంటిపేరు వెనకాల పడదాం. ఆ పేరు రాక్‌ఫెల్లర్. స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ పెట్టిన జాన్ డి. రాక్‌ఫెల్లర్ పేరు మీరు వినే ఉంటారు. ఒకప్పుడు ప్రపంచంలోనే అత్యంత ధనవంతుడు. అంత డబ్బు, అంత పేరు ఉన్న కుటుంబం. మరి వాళ్ళ పూర్వీకులు ఎవరు, ఎక్కడి నుంచి వచ్చారు అంటే చిటికెలో చెప్పేయొచ్చు అనుకుంటాం కదా? అంత సులువు కాదు. ఇందులో ఒక ఫ్రాన్స్ కోట ఉంది, జర్మనీలో ఖాళీ అయిపోయిన ఒక చిన్న ఊరు ఉంది, ఒకే మనిషికి రెండు పేర్లు, రెండు కాపురాలు కూడా ఉన్నాయి. ఒక్కొక్కటే విప్పుకుంటూ వెళ్దాం.

ముందు గట్టిగా తెలిసిన సంగతి. 1723 ప్రాంతంలో యోహాన్ పీటర్ అనే ఒక పిండిమర యజమాని భార్యనీ, ఐదుగురు పిల్లల్నీ తీసుకుని జర్మనీ నుంచి ఓడెక్కి ఫిలడెల్ఫియా వైపు వచ్చాడు. అప్పటికి అమెరికా అనే దేశం లేదు, అవి బ్రిటిష్ వలస రాజ్యాలు. ఆయన న్యూజెర్సీలో స్థిరపడ్డాడు, తర్వాత ఆమ్‌వెల్ అనే చోట బాగానే భూములు సంపాదించాడు. జాన్ డి. రాక్‌ఫెల్లర్ ఈయన నుంచి లెక్కేస్తే ఆరో తరం.

ఇక్కడ "1723 ప్రాంతంలో" అన్నాను, గమనించారా? తేదీ ఎందుకు చెప్పలేదు? దీని వెనక ఒక కారణం ఉంది, అది ఈ ఒక్క కుటుంబానిదే కాదు.

పెన్సిల్వేనియాకి జర్మన్లు ఓడల మీద ఓడలు దిగుతుంటే అక్కడి ఇంగ్లీషు అధికారులకి భయం పట్టుకుంది. ఎవరు వీళ్ళంతా, మన రాజుకి విధేయంగా ఉంటారా, లేదా? అందుకే 1727లో ఒక నియమం పెట్టారు. ఓడ కెప్టెన్ తన ప్రయాణికుల జాబితా ఇవ్వాలి. దిగిన మగవాళ్ళు బ్రిటిష్ రాజుకి విధేయులుగా ఉంటామని ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. ఆ జాబితాలు చాలా వరకు ఇప్పటికీ ఉన్నాయి, 1934లో పుస్తకాలుగా అచ్చయ్యాయి కూడా. పెన్సిల్వేనియా జర్మన్ల వంశవృక్షాలు వెతికేవాళ్ళకి అవి బంగారు గని లాంటివి.

కానీ మన యోహాన్ పీటర్ వచ్చింది 1727కి ముందు. అంటే ఆ బంగారు గనిలో ఆయన దొరకడు. నాలుగేళ్ళు ఆలస్యంగా ఓడెక్కి ఉంటే ఆయన సంతకం మన కళ్ళ ముందు ఉండేదేమో! చరిత్రలో ఒక్కోసారి ఇలాగే జరుగుతుంది. మనిషి పెద్దవాడా చిన్నవాడా అని కాదు, కాగితం ఎప్పుడు మొదలైంది అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

పోనీ, 1727 తర్వాత వచ్చినవాళ్ళందరి వివరాలూ బాగా దొరుకుతాయా అంటే, అదీ లేదు. ప్రమాణం చేయాల్సింది 16 ఏళ్ళు దాటిన మగవాళ్ళే. కాబట్టి ఆడవాళ్ళ పేర్లు, పిల్లల పేర్లు చాలా ఓడల్లో కనిపించవు. నెలల తరబడి సముద్రం మీద ప్రయాణం, జబ్బులు, దారిలోనే బిడ్డల్ని పోగొట్టుకోవడం, ఇవన్నీ ఆ తల్లులు కూడా పడ్డారు. జాబితాలో మాత్రం వాళ్ళకి ఒక్క గీత కూడా లేదు. ఒక కుటుంబం వంశవృక్షం సగం ఖాళీగా ఎందుకు ఉంటుందో ఇప్పుడు అర్థమైందా?

ఇంకో చిక్కు, పేర్లు. జర్మన్లలో అప్పట్లో మగపిల్లలకి ముందు యోహాన్ అని తగిలించడం మామూలు. ఒకే ఇంట్లో యోహాన్ పీటర్, యోహాన్ గియోర్గ్, యోహాన్ విల్‌హెల్మ్ అని ముగ్గురు అన్నదమ్ములు ఉండొచ్చు. ఇంట్లో పిలిచేది రెండో పేరుతోనే. ఇంగ్లీషు గుమాస్తా మాత్రం మొదటి పేరు చూసి ముగ్గురినీ "జాన్" అని రాసేయగలడు. మూడు వందల ఏళ్ళ తర్వాత మనం చూస్తే, ఆ జాన్ ఈ జాన్ ఒకడేనా, వేరా? తల పట్టుకోవాల్సిందే.

ఇంటిపేర్లు అయితే ఇంకా ఘోరం. జిమ్మెర్మన్ అంటే వడ్రంగి. కొందరు జిమ్మెర్మన్లు అమెరికాలో కార్పెంటర్లు అయిపోయారు. ష్వార్ట్స్ అంటే నలుపు, వాళ్ళల్లో కొందరు బ్లాక్ అయ్యారు. ముల్లర్లు మిల్లర్లు అయ్యారు. అన్నదమ్ముల్లోనే ఒకడు పాత పేరు ఉంచుకుంటే ఇంకొకడు కొత్తది పెట్టుకునేవాడు. పైగా ఇంగ్లీషు కాగితాల్లో జర్మన్ అంటే చాలాసార్లు "పాలటైన్" అని రాసేవారు. పాలటినేట్ అనేది రైన్ నది పక్కన ఉన్న ఒక ప్రాంతం. 1709లో అక్కడి నుంచీ, చుట్టుపక్కల నుంచీ వేలమంది ఒక్కసారిగా లండన్‌కి చేరారు, అప్పటి నుంచి ఆ పేరు స్థిరపడిపోయింది. తర్వాత ఎక్కడి నుంచి వచ్చిన జర్మన్ అయినా పాలటైనే. కాబట్టి కాగితంలో పాలటైన్ అని ఉందని ఆ ప్రాంతానికే వెళ్ళి వెతికితే జీవితాంతం వెతుకుతూనే ఉండొచ్చు.

తేదీలతో కూడా గొడవే. బ్రిటన్, దాని వలసలు 1752 దాకా పాత కేలండర్ వాడాయి. జర్మన్ రాజ్యాలు అప్పటికే కొత్త కేలండర్‌కి మారిపోయాయి. రెండింటికీ తేడా 11 రోజులు. అంటే ఒక మనిషి జర్మనీలో తన ఊరు వదిలిన తేదీ ఒక కేలండర్‌లో, ఫిలడెల్ఫియాలో దిగిన తేదీ ఇంకో కేలండర్‌లో!

సరే, మళ్ళీ రాక్‌ఫెల్లర్ల దగ్గరికి వద్దాం. కుటుంబం పెద్దదయ్యాక, డబ్బు వచ్చాక, ఒక అందమైన కథ ప్రచారంలోకి వచ్చింది. వీళ్ళు అసలు జర్మన్లు కాదట. దక్షిణ ఫ్రాన్స్‌లో లాంగ్‌డాక్ అనే ప్రాంతంలో కోట ఉన్న రోక్‌ఫెయ్ అనే గొప్ప వంశం వాళ్ళట. ప్రొటెస్టెంట్లు కాబట్టి వేధింపులు భరించలేక జర్మనీకి పారిపోయి వచ్చారట, పేరు మెల్లగా రాక్‌ఫెల్లర్‌గా మారిందట. వినడానికి ఎంత బాగుందో కదా! కోట ఉంది, త్యాగం ఉంది, మతం కోసం దేశం వదిలిన ధైర్యం ఉంది. ఒక్కటే లోటు. ఋజువు లేదు.

కథని కాస్త నొక్కి చూద్దాం. ఫ్రాన్స్ రాజు 14వ లూయీ ప్రొటెస్టెంట్ల హక్కులు రద్దు చేసింది 1685లో. పెద్ద ఎత్తున జనం పారిపోయింది అప్పుడే. కానీ యోహాన్ పీటర్ 1682 ప్రాంతంలోనే జర్మనీలో పుట్టాడని లెక్క. అంటే 1685 అనే తేదీ ఇక్కడ అతకదు. "అంతకు ముందే వచ్చి ఉంటారు" అనొచ్చు. ఫ్రాన్స్ నుంచి ముందు కూడా వచ్చినవాళ్ళు ఉన్నారు, నిజమే. కానీ అప్పుడు మిగిలే ఆధారం ఏంటి? రెండు పేర్లు వినడానికి ఒకేలా ఉండటం. అంతే. వినడానికి ఒకేలా ఉన్నాయని చుట్టరికం కలిపేస్తే ఎవరికి ఎవరితోనైనా కలిపేయొచ్చు.

మరి జర్మన్ వైపు ఆధారం? అక్కడ పేరు తనంతట తానే మాట్లాడుతుంది. రైన్ నది దగ్గర, నోయ్‌వీడ్ పట్టణం పక్కన రాకెన్‌ఫెల్డ్ అనే చిన్న ఊరు ఉండేది. జర్మన్‌లో ఊరి పేరు చివర "ఎర్" తగిలిస్తే ఆ ఊరివాడు అని అర్థం. రాకెన్‌ఫెల్డ్ నుంచి వచ్చినవాళ్ళు రాకెన్‌ఫెల్లర్లు. మన తెలుగు ఇంటిపేర్లలో కూడా ఊరి పేర్లు బోలెడు ఉంటాయి కదా, అదే పద్ధతి. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఈ పేరున్నవాళ్ళు పిండిమరలు నడుపుకుంటూ బతికిన ప్రొటెస్టెంట్ కుటుంబాలు. సముద్రం దాటాక మధ్యలో "న్" జారిపోయి రాక్‌ఫెల్లర్ మిగిలింది. ఆ రాకెన్‌ఫెల్డ్ ఊరు 20వ శతాబ్దంలో ఖాళీ అయిపోయింది. ఊరు పోయింది, పేరు మాత్రం న్యూయార్క్ భవనాల మీద ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా ఉంది. ఊరి నుంచి పేరు వస్తే, ఆ ఊరు వదిలిన నాలుగు కుటుంబాలకీ అదే పేరు రావచ్చు. ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన చుట్టాలు కానక్కర్లేదు, ఇది మనకీ తెలుసు. రాక్‌ఫెల్లర్ల విషయంలోనూ ఇలాంటి ముడి ఒకటి ఉంది. యోహాన్ పీటర్ వచ్చిన పదేళ్ళ తర్వాత డీల్ రాక్‌ఫెల్లర్ అనే ఇంకొకాయన వచ్చి న్యూయార్క్ వలసలో జర్మన్‌టౌన్ అనే చోట దిగాడు. ఈయన మొదటాయనకి దూరపు చుట్టం అని చెబుతారు. తర్వాత డీల్ మనవరాలు క్రిస్టీనా, యోహాన్ పీటర్ మనవడు విలియంని పెళ్ళి చేసుకుంది. పెళ్ళికూతురి ఇంటిపేరు, పెళ్ళికొడుకు ఇంటిపేరు ఒక్కటే! పాత కాగితంలో "క్రిస్టీనా రాక్‌ఫెల్లర్" అని కనిపిస్తే అది పుట్టింటి పేరా, అత్తింటి పేరా? రెండూ అదే. ఇలాంటి చోటే తొందరపడినవాళ్ళు ఇద్దరు మనుషుల్ని ఒకరిగా, ఒకరిని ఇద్దరిగా చేసేస్తారు.

ఇలాంటివి ఎలా తేల్చుతారు? ముఖ్యంగా చర్చి రిజిస్టర్లతో. బాప్తిస్మం, పెళ్ళి, సమాధి, మూడూ పాస్టరు రాసేవాడు. జర్మనీ ఊళ్ళో ఒక యోహాన్ పీటర్ బాప్తిస్మం ఉంటే సరిపోదు. అతను ఆ ఊళ్ళోనే చనిపోలేదని చూడాలి. భార్య పేరు, పిల్లల పేర్లు, వాళ్ళ వయసులు రెండు వైపులా కలవాలి. అప్పుడే ఇతనే అతను అనగలం.

ఈ పాస్టర్ల విషయంలో మనకీ ఒక చిన్న లింకు ఉందండోయ్. జర్మనీలో హాలె అనే పట్టణం ఉంది. అక్కడి ప్రొటెస్టెంట్ సంస్థ 1742లో హెన్రిక్ మెల్కియోర్ మ్యూలెన్‌బెర్గ్ అనే పాస్టర్ని పెన్సిల్వేనియా జర్మన్ల కోసం పంపింది. ఆయన రాసిన డైరీలు, నివేదికలు ఆ వలస కుటుంబాల గురించి గొప్ప ఆధారం. అదే హాలెకి చెందిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో పనిచేసి, తెలుగు నేర్చుకుని, 1728లో తెలుగు వ్యాకరణం రాశాడు. 1740లలో తెలుగు పుస్తకాలు అచ్చయింది కూడా ఆ హాలెలోనే. ఒకే ఊరు నుంచి ఒక కొస అమెరికాకి, ఇంకో కొస తెలుగుకి!

ఇప్పుడు కథలో అసలు మలుపు. 1723 నాటి పిండిమర యజమాని దొరికాడు. జాన్ డి. రాక్‌ఫెల్లర్ ఆయనకి న్యూజెర్సీలో స్మారకం కూడా కట్టించాడు. మరి సొంత నాన్న? జాన్ తండ్రి విలియం ఏవరీ రాక్‌ఫెల్లర్ ఊరూరా తిరిగి నాటు మందులు అమ్మేవాడు. 1855లో భార్య బతికుండగానే ఇంకో అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఆమెకి చెప్పిన పేరు డాక్టర్ విలియం లెవింగ్‌స్టన్. దశాబ్దాల పాటు రెండు పేర్లతో, రెండు కాపురాలతో బతికాడు. కొడుకు ప్రపంచ కుబేరుడు అయ్యాక పత్రికలు ఆ తండ్రి కోసం గాలించాయి. జోసెఫ్ పులిట్జర్ బహుమతి కూడా ప్రకటించాడు. ఆఖరికి 1908లో ఆయన పత్రిక గుట్టు బయటపెట్టింది. అప్పటికే, 1906లో, ఆ పెద్దమనిషి ఇల్లినాయ్‌లో చనిపోయి లెవింగ్‌స్టన్ పేరుతో సమాధి అయిపోయాడు. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఆలోచించండి. ఒక పరిశోధకుడు రెండు వందల ఏళ్ళ తర్వాత వచ్చి ఆ సమాధి మాత్రమే చూస్తే? రాక్‌ఫెల్లర్ అనే మనిషి గాల్లో కలిసిపోయాడు అనుకుంటాడు. లెవింగ్‌స్టన్ అనే డాక్టరుకి తల్లిదండ్రులు ఎవరని వెతికి వెతికి అలసిపోతాడు. కాగితం అబద్ధం చెప్పదు అంటాం. కాగితం మనిషి చెప్పిందే రాస్తుంది. మనిషి అబద్ధం చెబితే కాగితమూ అదే చెబుతుంది.

ఈ అబద్ధాలతో వ్యాపారం చేసినవాళ్ళూ ఉన్నారు. గుస్టావ్ ఆంజూ అని స్వీడన్ నుంచి వచ్చినాయన 20వ శతాబ్దం మొదట్లో న్యూయార్క్ ప్రాంతంలో ఉండి, డబ్బున్న అమెరికన్లకి వంశవృక్షాలు తయారు చేసి అమ్మేవాడు. లేని వీలునామాలు, లేని చర్చి రికార్డులు కల్పించేవాడు. కొనేవాళ్ళకి కావాల్సింది గొప్ప పూర్వీకుడు, దొరికేసేవాడు. ఆ కల్పనలు లైబ్రరీల్లోకి, పుస్తకాల్లోకి, అక్కడి నుంచి నేటి ఆన్‌లైన్ వంశవృక్షాల్లోకి పాకాయి. ఒకడు రాసింది వందమంది కాపీ చేస్తే అది వంద ఆధారాలు కాదు, ఒక్క ఆధారమే. అదీ తప్పుడుది.

కాబట్టి ఫోన్‌లో ఏ యాప్ అయినా "మీ పూర్వీకుడు ఫలానా రాజు" అని చూపిస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు, ఆ సంఘటన జరిగినప్పుడా, రెండు వందల ఏళ్ళ తర్వాతా? ఇది నిజమైతే ఎవరికి లాభం? రోక్‌ఫెయ్ కోట కథ మూడో ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది.

నిజానికి కోట లేకపోతే ఏంటి నష్టం? పేరు కూడా సరిగ్గా రాయని గుమాస్తాలున్న దేశానికి, ఐదుగురు పిల్లలతో సముద్రం దాటి వచ్చి భూమి సంపాదించుకున్న ఒక పిండిమర యజమాని. ఆయనకి కోట అవసరం లేదు. ఆయన భార్య పేరు మనం ఈ ఎపిసోడ్‌లో ఒక్కసారి కూడా చెప్పుకోలేదు, అది గమనించారో లేదో. వంశాల చరిత్రలో వెతకాల్సిన అసలు ఖాళీ అదే.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. ఇంట్లో అమ్మమ్మ, నానమ్మ ఉంటే వాళ్ళ పుట్టింటి పేరు, వాళ్ళమ్మ పుట్టింటి పేరు అడిగి ఇవాళే ఫోన్‌లో రాసి పెట్టుకోండి. మళ్ళీ కలుద్దాం.