డెప్యుటేషన్ (క్రైస్తవ మిషన్)

విదేశ సేవకు ఎన్నికైన క్రైస్తవ మిషనరీ, ప్రయాణానికి ముందు తనకు ఆర్థిక సహాయం చేయబోయే సంఘాలను దర్శించడాన్ని డెప్యుటేషన్ అంటారు. సెలవుపై స్వదేశానికి వచ్చిన మిషనరీలు చేసే ఇటువంటి పర్యటనకు కూడా ఈ పేరే వాడుకలో ఉన్నది. ప్రభుత్వోద్యోగులను వేరొక శాఖకు తాత్కాలికంగా పంపే డెప్యుటేషన్‌కు దీనితో సంబంధం లేదు.

విధానం

మిషనరీ ఒక్కొక్క సంఘానికి వెళ్ళి తాను పనిచేయబోయే దేశాన్ని గురించి, అక్కడి ప్రజలను గురించి, తలపెట్టిన పనిని గురించి వివరిస్తాడు. సంఘాలు, వ్యక్తులు నెలకు ఇంత చొప్పున ఇస్తామని మాట ఇస్తారు. ప్రయాణం, జీవనం, వైద్యం, పిల్లల చదువు మొదలైన ఖర్చులకు తగిన మొత్తం సమకూరిన తరువాతనే బయలుదేరడం పరిపాటి. ఇందుకు ఒక్కొక్కసారి సంవత్సరానికి పైగా పడుతుంది.

అన్ని సంస్థలూ ఈ పద్ధతిని పాటించవు. 1865లో హడ్సన్ టేలర్ స్థాపించిన చైనా ఇన్లాండ్ మిషన్ ఎవరినీ ధనం అడగరాదని నియమం పెట్టుకొన్నది. అమెరికాలోని సదరన్ బాప్టిస్టులు 1925లో ఉమ్మడి నిధిని ఏర్పాటు చేసుకొని, దాని నుండి మిషనరీలకు జీతాలు ఇవ్వసాగారు.

తెలుగు మిషన్ చరిత్రలో

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో తెలుగుదేశానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. అనారోగ్యంతో స్వదేశం వెళ్ళినప్పుడు, మిషన్‌ను మూసివేయవద్దని అక్కడ విజ్ఞప్తి చేశాడు. 1848లో లైమన్ జ్యూవెట్‌ను వెంటబెట్టుకొని తిరుగు ప్రయాణమై, 1849లో నెల్లూరు చేరాడు.

1853లో ఆల్బనీ నగరంలో జరిగిన సభలో మూసివేత మరల చర్చకు వచ్చింది. పటంలో నెల్లూరు ఒంటరి నక్షత్రంలా ఉన్నదన్న మాటను తీసుకొని కవి శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఒక గీతం వ్రాశాడు. మిషన్ నిలిచింది, దానికి 'లోన్ స్టార్' అనే పేరు స్థిరపడింది. 1862లో మూడవసారి అదే ప్రశ్న తలెత్తగా, సెలవుపై వెళ్ళిన జ్యూవెట్ ఎవరూ పంపకపోయినా తాను తిరిగి వెళతానని పట్టుపట్టాడు. 1864లో ఆయనతో బయలుదేరిన జాన్ క్లౌ 1866లో ఒంగోలులో నివాసమేర్పరచుకొన్నాడు. క్లౌ దొర 1872లో సెలవుపై అమెరికా వెళ్ళినప్పుడు రామాపట్నం వేదాంత పాఠశాలకు 50,000 డాలర్ల మూలనిధి సేకరించే బాధ్యతను స్వీకరించాడు.

ఈ విధంగా నెల్లూరు, ఒంగోలు మిషన్ల భవితవ్యం స్థానికంగా జరిగిన పనితోపాటు, అమెరికా సంఘాలలో వినిపించిన విజ్ఞప్తులపై కూడా ఆధారపడింది.

తెలుగు సంఘాలు పంపిన మిషనరీ

1903లో తెలుగు బాప్టిస్టు సంఘాల హోం మిషన్ సొసైటీ నెల్లూరు నుండి జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు పంపింది. అక్కడి చెరకు, తేయాకు తోటలలో తెలుగు కూలీలు పనిచేసేవారు. ఆయన అదే సంవత్సరం కియర్స్‌నీలో తెలుగు సంఘాన్ని స్థాపించాడు. అరవై ఏళ్ళు పరదేశపు కానుకలు అందుకొన్న సంఘాలు, అప్పటికి తామే ఒకరిని సముద్రం దాటించి పంపగలిగాయి.

విమర్శ

డెప్యుటేషన్ వలన మిషనరీకి, సంఘాలకు మధ్య ప్రత్యక్ష పరిచయం ఏర్పడుతుంది. అయితే సానుభూతి కోసం పరదేశ ప్రజలను దీనులుగా మాత్రమే చిత్రించే అవకాశం ఉన్నదని విమర్శ ఉన్నది. ఆ వర్ణనను సరిదిద్దడానికి వర్ణింపబడినవారు ఆ సభలలో ఉండరు.