నటుడూ స్టేజి మేనేజరూ: మన రంగస్థల చరిత్రలో మరుగున పడిన బంధం

మన సంఘ సభ్యుల్లో నాటకాల రుచి మరిగినవారు తక్కువేమీ కాదు. సాయంత్రం ఆఫీసు తలుపులు వేశాక రిక్రియేషన్ క్లబ్బులో రిహార్సల్సుకు కూర్చున్నవారు, పరిషత్తు పోటీలకు సెలవు పెట్టి వెళ్ళినవారు, కనీసం వార్షికోత్సవంలో ఒక్క రాత్రయినా ముఖానికి రంగు పూసుకున్నవారు మన మధ్య చాలామందే ఉన్నారు. అలాంటివారు ఇద్దరు కలిస్తే కబుర్లన్నీ నటుల చుట్టూనే తిరుగుతాయి. ఫలానావారి కృష్ణుడు, ఫలానావారి గిరీశం, ఫలానావారి గొంతు! ఆ కృష్ణుణ్ణి వేళకు రంగం మీదికి పంపినవారెవరో, ఆ గిరీశం చేతికి చుట్ట అందించినవారెవరో మాత్రం ఎవరికీ గుర్తుండదు. పాతికేళ్ళ పాటు ఉద్యోగుల నాటకాల్లో వేషాలు వేసినవాడిగా, ఆ రెండో మనిషిని గురించి నాలుగు మాటలు రాయడం నా విధి అనుకుంటున్నాను. నటుడికీ స్టేజి మేనేజరుకీ పొత్తు కుదిరిన చోట నాటకం నిలబడింది. కుదరని చోట మహానటులుండి కూడా నాటకం పద్యాల కచేరీగా మిగిలింది. మన రంగస్థల చరిత్ర నాకు నేర్పిన పాఠం ఇదే.

ఈ పని నిన్న మొన్న పుట్టినది కాదు. భరతుని నాట్యశాస్త్రంలో నాటక బృందంలో ఎవరెవరుండాలో చెప్పిన చోట, నటులతో పాటు కిరీటాలు చేసేవాడు, ఆభరణాలు చేసేవాడు, పూలమాలలు కట్టేవాడు, వేషం దిద్దేవాడు, బొమ్మలు వేసేవాడు, బట్టలకు రంగులద్దేవాడు అందరూ లెక్కలో ఉన్నారు. వీరందరికీ పెద్ద సూత్రధారుడు. సూత్రమంటే దారం. ఆయన కేవలం స్టేజి మేనేజరు కాదు. దర్శకుడూ ఆయనే, గురువూ ఆయనే. అయినా ఇంతమంది పనినీ ఒక్క దారానికి గుచ్చే బాధ్యత ఒకరి చేతిలో ఉండాలన్న ఎరుక ఆనాటికే ఉన్నదని దీనివల్ల తెలుస్తున్నది.

ఇంగ్లండులో షేక్స్‌పియర్ కాలపు పద్ధతి చూస్తే ఇంకా ఆశ్చర్యం వేస్తుంది. అక్కడ నటుడికి నాటకం మొత్తం చేతికి ఇచ్చేవారు కారు. తన మాటలూ, వాటికి ముందు ఎదుటివాడు పలికే చివరి రెండు మూడు పదాలూ రాసిన కాగితపు చుట్ట మాత్రమే ఇచ్చేవారు. రోల్ అనే మాట ఆ చుట్ట నుంచే వచ్చింది. మన నాటక సమాజాల్లో ఎవరి పోర్షన్ వారు రాసుకోవడం కూడా అలాంటిదే. నాటకం పూర్తి ప్రతి ఒక్కరి దగ్గరే ఉండేది. ఆయన్ని బుక్ కీపర్ అనేవారు. ఏ రంగంలో ఎవరు ప్రవేశించాలో రాసిన పట్టికను తెర వెనుక మేకుకు తగిలించేవారు. 16వ శతాబ్దం చివరినాటి అలాంటి పట్టిక ఒకటి, మేకుకు తగిలించే రంధ్రంతో సహా, లండన్లోని డల్విచ్ కళాశాలలో ఇప్పటికీ భద్రంగా ఉంది. అంటే నటుడికి తెలిసేది తన భాగమే. నాటకం మొత్తం ఎరిగినవాడు తెర వెనుక మనిషి. ఆయన్ని నమ్మకపోతే నటుడు అడుగు ముందుకు వేయలేడు.

ఇక మన సంగతి. 1880లో ధార్వాడ నాటక సమాజంవారు రాజమహేంద్రవరం వచ్చి ప్రదర్శనలిచ్చారు. వారు వెళ్ళాక, వారు వేసిన పాకలోనే కందుకూరి వీరేశలింగంగారు తన విద్యార్థుల చేత నాటకం ఆడించారు. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శనకు అది నాంది అని చరిత్రకారులు చెబుతారు. పాక, తెర, దీపాలు ముందు సిద్ధంగా ఉన్నాయి గనుకనే నాటకం నిలబడిందన్న సంగతి మనం గమనించాలి. తరువాత బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి సరసవినోదిని సభ, కోలాచలం శ్రీనివాసరావుగారి సుమనోరమ సభ వెలిశాయి. విజయనగరంలో జగన్నాథ విలాసిని సభవారు 1892లో కన్యాశుల్కం ప్రదర్శించారు. అవి సమాజాలు. సభ్యులు ఒకే ఊరివారు, ఒకరినొకరు ఎరిగినవారు. నెలల తరబడి కలిసి అభ్యాసం చేసేవారు. కనుక తెర లాగే మనిషికీ నటుడికీ మధ్య దూరం ఉండేది కాదు.

కన్యాశుల్కాన్నే తీసుకోండి. 1909లో వచ్చిన రెండో కూర్పును యథాతథంగా ఆడాలంటే గంటల తరబడి సాగుతుంది. ఎవరు ఆడినా కత్తిరించక తప్పదు. ఎక్కడ కత్తిరించారో, అందువల్ల ఎవరి ప్రవేశం ఎంత ముందుకు జరిగిందో రాసి ఉంచిన ప్రతి స్టేజి మేనేజరు చేతిలో ఉండాలి. నటుడు ఇంటి దగ్గర అచ్చు పుస్తకం చూసి బట్టీపట్టి వస్తే ఆ రాత్రి గందరగోళమే.

సమాజాల యుగం తరువాత కాంట్రాక్టు నాటకాల యుగం వచ్చింది. ఒక ఊరి నుంచి కృష్ణుడు, వేరొక ఊరి నుంచి అర్జునుడు, ఇంకో ఊరి నుంచి దుర్యోధనుడు రైలు దిగి, నేరుగా మేకప్ గదికి వచ్చేవారు. ఒక్క నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు. పడక సీను కృష్ణుడు వేరు, రాయబారం కృష్ణుడు వేరు. ఈ కాంబినేషన్ నాటకాలు గొప్ప గాయక నటులను పల్లెపల్లెకూ తెచ్చాయి. ఆ మేలు మరువరాదు. కాని రిహార్సలు లేదు, అందరికీ జవాబుదారీ అయిన మనిషి లేడు. కాంట్రాక్టరు డబ్బు లెక్కలు చూసుకునేవాడు. రంగం నడిపే భారం వేదిక పక్కన కూర్చున్న హార్మోనిస్టు మీద పడేది. శ్రుతి అందించడం, మరిచిన మాట అందించడం, ఎదుటి పాత్ర రావడం ఆలస్యమైతే వాయిద్యంతో కాలం గడపడం, అన్నీ ఆయనే. వన్స్ మోర్ అని కేకలు వస్తే ఒకే పద్యం నాలుగుసార్లు. తెల్లవారే సరికి చివరి అంకం పాత్రధారులు రంగులు పూసుకుని కూర్చునే ఉండేవారు, వారి వంతు రాకుండానే తెర పడేది. నటుడు ఎంత గొప్పవాడైనా, ఇక చాలు అనగల అధికారం తెర వెనుక ఒకరికి లేకపోతే నాటకం ముగింపు చూడదు.

దీనికి పూర్తిగా భిన్నమైన దారి ప్రజానాట్యమండలిది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి 1947లో రాసిన 'మా భూమి' నాటకాన్ని డాక్టర్ గరికపాటి రాజారావు వంటివారి నాయకత్వాన దళాలు ఊరూరా ఆడాయి. నిషేధం వచ్చేవరకూ ఆడాయి. రంగుల తెరలు లేవు, నగల పెట్టెలు లేవు. వేషం వేసినవాడే వేదికకు గుంజలు పాతాలి. ఆ పద్ధతిలో నటుడికి తెర వెనుక పని అంటే చిన్నచూపు కలిగే అవకాశమే లేకపోయింది.

1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడింది. ఆ తరువాత చాలా ఊళ్ళలో పరిషత్తులు వెలిశాయి. మన ఉద్యోగుల నాటకాలకు నిజమైన బడి అదే. పరిషత్తులో గడియారమే న్యాయమూర్తి. ఇంత సేపట్లో సెట్టు వేయాలి, ఇంత సేపట్లో నాటిక ముగించాలి. ఆ నియమాలే స్టేజి మేనేజరును మాకు పెద్దమనిషిని చేశాయి.

మా బృందానికి ఆ పని చేసిన మిత్రుడు ఆఫీసులో డిస్పాచ్ సెక్షన్ గుమాస్తా. ఏనాటి తపాలు ఆనాడే పంపేసే మనిషి. తెర వెనుక ఒక బల్ల వేయించి, దాని మీద సుద్దముక్కతో గళ్ళు గీసేవాడు. చేతికర్ర ఒక గడి, ఉత్తరం ఒక గడి, మందుసీసా ఒక గడి. మొదటి బెల్లుకు ముందు గడులన్నీ నిండి ఉన్నాయో లేదో చూసేవాడు. వాడిన వస్తువు తిరిగి అదే గడిలో పెట్టాలి. ఎదుటివారి వస్తువు ముట్టుకోరాదు. పాత రిజిస్టరులో ఒక పక్క సంభాషణలు, ఎదురు పక్క దీపాలు, శబ్దాలు, ప్రవేశాలు ఎర్ర సిరాతో రాసుకునేవాడు.

ఒక పోటీలో మా సహనటుడొకరు ప్రేక్షకుల చప్పట్లు చూసి ఉత్సాహంతో సొంత మాటలు కలిపాడు. ఆ ఊపులో దీపాలార్పవలసిన ఆఖరి వాక్యం మింగేశాడు. లైట్లవాడు ఆ వాక్యం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. వేదిక మీద నలుగురం బొమ్మల్లా నిలబడ్డాం. మా మిత్రుడు పుస్తకం పక్కన పెట్టి, మా ముఖాలు చూసి, తన బుద్ధితో చెయ్యి ఊపాడు. దీపాలారాయి. ప్రేక్షకులకు ఏమీ తెలియలేదు. నటుడి మాట నటుడిది మాత్రమే కాదని, దాన్ని పట్టుకుని మరో నలుగురు పని చేస్తున్నారని ఆ రాత్రి మా బృందమంతటికీ అర్థమైంది.

ఈ పొత్తు తరతరాలుగా నిలిచిన చోటు సురభి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు కీచకవధ నాటకంతో మొదలుపెట్టిన ఈ కుటుంబ రంగస్థలం ఒకప్పుడు ముప్పైకి పైగా సమాజాలుగా విస్తరించి, తరువాత వేళ్ళ మీద లెక్కించేటన్నిగా తగ్గింది. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని లలితకళాతోరణంలో వారి మాయాబజార్ చూసినవారికి ఆ వింతలు గుర్తుండే ఉంటాయి. ఆకాశంలో బాణాలు ఢీకొంటాయి, ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరి వస్తాయి, నారదుడు మబ్బుల్లోంచి దిగుతాడు. అదంతా తీగలు, తాళ్ళు, కప్పీల మహిమ. నటుడు గుర్తు పెట్టిన చోటికి జానెడు ఇవతల నిలబడితే లడ్డూ నోటికి అందదు. తాడు లాగేవాడు క్షణం ఆలస్యం చేస్తే నారదుడు మబ్బులోనే ఉండిపోతాడు. అక్కడ ఈనాడు తాడు లాగిన పిల్లవాడే రేపు అభిమన్యుడు. రెండు పనులూ ఎరిగినవాడికి ఇంకొకరిని తక్కువగా చూడడం రాదు. ఆ సంప్రదాయాన్ని దశాబ్దాల పాటు నడిపిన పద్మశ్రీ ఆర్. నాగేశ్వరరావుగారు, మనందరి సురభి బాబ్జీగారు, 2022లో కన్నుమూశారు.

విదేశాల్లో ఈ గౌరవం నియమంగానే ఉంది. అమెరికాలో 1913లో ఏర్పడిన నటుల సంఘం ఈక్విటీలో స్టేజి మేనేజర్లు కూడా సభ్యులే. ఇద్దరికీ ఒకే యూనియన్. ఇంగ్లండులో 'హాఫ్' అని ఒక పిలుపు ఉంది. పేరు అరగంటే గాని, తెర లేవడానికి 35 నిమిషాల ముందు ఇస్తారు. ఎందుకంటే తొలి రంగంలోని నటులు తెర లేవడానికి 5 నిమిషాల ముందే తమ చోట్లలో ఉండాలి. ఆ పిలుపు నాటికి నటుడు థియేటరులో ఉండి తీరాలి, ఎంత పేరున్నవాడైనా సరే.

మనవాళ్ళు ఎవరైనా ఈనాటికీ నాటకం వేస్తున్నారంటే, మనవలు కాలేజీలో వేషం కడుతున్నారంటే, ఈ కొద్ది సంగతులు చెప్పండి. రాగానే స్టేజి మేనేజరుకు కనిపించి, వచ్చానని చెప్పాలి. పిలుపు వినగానే విన్నానని బదులివ్వాలి. వింగులో నిలబడితే నీకు ప్రేక్షకులు కనబడుతున్నారంటే వారికి నువ్వూ కనబడుతున్నావని తెలుసుకోవాలి. దీపానికో శబ్దానికో ముడిపడిన మాట మార్చరాదు. తెర లేచాక దర్శకుడి పని అయిపోయినట్టే. ఆ పైన మాట స్టేజి మేనేజరుది. ఆయనకూ ఒక ధర్మముంది. రంగం మీదికి అడుగు పెట్టబోయే నటుణ్ణి మందలించకూడదు. చెప్పవలసినది తెర పడ్డాక, పక్కకు పిలిచి చెప్పాలి. మా మిత్రుడు అలాగే చేసేవాడు. "బాబూ, రేపు కర్ర గడిలో పెట్టు" అన్నదే ఆయన తిట్లలోకెల్లా పెద్ద తిట్టు.

ఆయన ఈనాడు లేరు. మా ఇంట్లో ఆనాటి ఆహ్వానపత్రికలు పదిహేడు ఉన్నాయి. హార్మోనియం ఎవరో, మేకప్ ఎవరో, మైకు ఏ షాపువారిదో కూడా అచ్చయింది. ఆయన పేరు ఒక్కదానిలోనూ లేదు. ఉత్తమ నటుడికి బహుమతి ఉంది, ఉత్తమ రంగాలంకరణకు ఉంది. నాటకం వేళకు మొదలై వేళకు ముగిసినందుకు ఎవరికీ బహుమతి లేదు.

అందుచేత కార్యవర్గానికి నా మనవి రెండే మాటలు. రాబోయే వార్షికోత్సవ నాటిక ఆహ్వానంలో దర్శకుడి పేరు కిందనే స్టేజి మేనేజరు పేరు అచ్చు వేయించండి. సభ్యమిత్రులు తమ తమ ఆఫీసు నాటకాల్లో తెర వెనుక పని చేసినవారి పేర్లు, వారు పని చేసిన నాటకాల పేర్లు గుర్తున్నంతవరకు రాసి మన పత్రికకు పంపండి. నటుల ఫొటోలు ఇంటి గోడలకు ఉన్నాయి. వీరి పేర్లు మన జ్ఞాపకాల్లో తప్ప ఇంకెక్కడా లేవు. మనకా వయసు మీద పడుతున్నది. కాబట్టి ఆ పని ఈ సంవత్సరమే చేద్దాం.