మూడు చుట్ల మీద నాలుగు ప్రాణాలు

సుబ్రహ్మణ్య షష్ఠి. అత్తిలి తీర్థానికి బయల్దేరాం. తణుకు దాటాం. ఒక పక్క కోతకొచ్చిన సార్వా చేలు, రెండో పక్క పంటకాలువ.

బండి మా బావమరిదిది, ఐ20. వారం క్రితమే కొత్త అలాయ్ చక్రాలు వేయించాడు. టైర్లు బయటికి తన్నుకొచ్చినట్టు కనపడాలని వెనక రెండింటికీ 15 మిల్లీమీటర్ల స్పేసర్లు, అంటే చక్రానికీ అది కూర్చునే హబ్బుకీ మధ్య వేసే బిళ్ళలు, పెట్టించాడు.

"ఎలా ఉంది బావా బండి?" అన్నాడు మురిసిపోతూ.

నేను జవాబు చెప్పేలోపే ఎడమ వెనక చక్రం దగ్గర టక్... టక్... టక్. సీటు కింద సన్నగా వణుకు.

"రాయి ఇరుక్కున్నట్టుంది. ఊళ్ళోకెళ్ళి చూద్దాం."

"ముందు ఆపరా అబ్బాయ్!" వెనక నుంచి అత్తయ్యగారు గట్టిగా అరిచారు.

ఆపాడు. దిగి చూస్తే చక్రం నట్టు ఎక్కే స్టడ్ ఒకటి తెగిపోయి ఉంది. మిగిలిన మూడు నట్లలో రెండు వేళ్ళతోనే తిరిగిపోయాయి. మా ఆవిడ కాలువ వంక చూసి, నోట మాట లేకుండా నిలబడిపోయింది.

ఫోన్ చేస్తే అత్తిలి నుంచి ఓ పెద్దాయన జాకీతో వచ్చాడు. చక్రం ఊడదీశాడు.

"ఎవరు బిగించారండీ ఇది? స్పేసరు ఎంత మందముంటే స్టడ్‌లో అంత మర తినేస్తుందండి. ఇక్కడ నట్టు మూడు చుట్లే పట్టింది. స్టడ్ ఎంత లావో, కనీసం అంత పొడుగు మర పట్టాలండి. ఇది 12 మిల్లీమీటర్ల స్టడ్, మరకీ మరకీ మధ్య 1.5. అంటే ఎనిమిది చుట్లు. స్విఫ్ట్‌లో మర సన్నం, 1.25. దానికి పది చుట్లు."

చక్రం నడిమి రంధ్రం చూపించాడు. బండి హబ్ 54.1 మిల్లీమీటర్లు, చక్రం రంధ్రం 73.1. ఆ సందు మూసే రింగు వెయ్యనేలేదు.

"నట్టు బిగిస్తే స్టడ్ కాస్త సాగి చక్రాన్ని హబ్బుకి అదిమి పడుతుందండి. ఆ పట్టు సడలిందా, చక్రం కదులుతుంది. ఇనప తీగని అటూ ఇటూ వంచితే తెగదూ? స్టడ్ కూడా అంతే. మిగతా మూడింటినీ నమ్మకండి. ఆటోలో వెళ్ళండి బాబూ."

మర్నాడు నాలుగు స్టడ్లూ మార్చాడు. స్పేసర్లు తీసేశాడు. రింగులు వేశాడు. హబ్ మొహాన్ని వైరు బ్రష్‌తో తోమాడు. చక్రం గుంటకి సరిపడే కోను నట్లు తెచ్చాడు. ఒకటి బిగించి దాని ఎదుటిది బిగిస్తూ, బండి నేలకి దించాక, ఓనర్ మాన్యువల్‌లో ఉన్న లెక్కకి టార్క్ రెంచ్ పెట్టాడు. "వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ తీసుకురండి" అన్నాడు.

రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ మొదట చెప్పినవాటికి తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే తీర్పిచ్చింది. ఆ చట్టం ఎందుకుందో నాకు ఆ కాలవగట్టు మీద అర్థమైంది.

కొత్త చక్రాలు వేయించే తమ్ముళ్ళూ! ఐఎస్ఐ గుర్తున్నవే కొనండి. కంపెనీ హబ్బుకి సరిపోనివి, స్పేసరు పెడితే తప్ప కుదరనివి వద్దు. నట్టు చేత్తో తిప్పుతూ దగ్గరుండి చుట్లు లెక్కపెట్టండి. లెక్క తగ్గిందా, ఆ బండిలో మీ అమ్మని ఎక్కించకండి.