మాయాబజార్ (1957 చిత్రం)

మాయాబజార్ విజయా ప్రొడక్షన్స్ పతాకంపై నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించిన తెలుగు చలనచిత్రం. 1957 మార్చి 27న విడుదలైంది. పౌరాణికమని పేరే గానీ నడకంతా పెళ్లింటి హాస్యమే. దర్శకుడు కె.వి.రెడ్డిది తాడిపత్రి. మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావు రాశారు.

కథకు మూలం రంగస్థలం మీద పేరుపడ్డ 'శశిరేఖా పరిణయం'. అభిమన్యుణ్ని పెళ్లాడే బలరాముడి కూతురు శశిరేఖ వ్యాసభారతంలో ఎక్కడా కనబడదు. అక్కడ అభిమన్యుడు పెళ్లాడింది ఉత్తరను. ఇది జనం అల్లుకున్న కథ. మరాఠీవారు ఈ పిల్లనే వత్సల అంటారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన నాటక సమాజం మాయాబజార్‌ను తన తంత్రాలతో ఇంటింటి కథ చేసింది. 1936లో పి.వి.దాసు దీన్నే సినిమాగా తీశారు.

నాటకంలో తంత్రాలే ఆకర్షణ. విజయావారి చిత్రంలోనూ వాటికి కొదవ లేదు. ఘటోత్కచుడిగా ఎస్.వి.రంగారావు పెళ్లివంటల ముందు కూర్చుంటే లడ్డూలు వాటంతటవే నోట్లోకి ఎగిరొస్తాయి. గింబళి అనే మాయ కంబళి, గిల్పం అనే మాయ తల్పం మగపెళ్లివారిని ముప్పుతిప్పలు పెడతాయి. అయితే అసలు నవ్వు సావిత్రి దగ్గరుంది. ఘటోత్కచుడు శశిరేఖ వేషం వేసుకున్నాక ఆ పాత్ర ఆమెదే. పెళ్లిపాట సుశీల గొంతుతో వయ్యారంగా సాగుతుండగా మధ్యలో ఘంటసాల గొంతు దూరుతుంది. ఆ క్షణంలో సావిత్రి మీసం దువ్వే మగరాయుడిలా మారి, వెంటనే సర్దుకుని సిగ్గుపడుతుంది. పెళ్లిపీటల మీద పెళ్లికొడుకు లక్ష్మణకుమారుడి (రేలంగి) కాలు తొక్కే ఘట్టంలోనూ అంతే. ఏ కెమెరా కిటుకూ ఇంత పని చేయలేదు.

మరో చమత్కారం, పాండవుల కష్టాల చుట్టూ తిరిగే కథలో పాండవులు తెరమీదికే రారు. కృష్ణుడిగా ఎన్.టి.రామారావు, అభిమన్యుడిగా అక్కినేని నాగేశ్వరరావు, శకునిగా సి.ఎస్.ఆర్. నటించారు. పడవపాటలో మార్కస్ బార్ట్లీ చూపిన వెన్నెలను ఛాయాగ్రాహకులు నేటికీ చెప్పుకుంటారు.

తమిళంలోనూ అదే ఏడాది ఏప్రిల్‌లో విడుదలైంది. అందులో అభిమన్యుడు జెమినీ గణేశన్, లక్ష్మణకుమారుడు తంగవేలు. 2010 జనవరి 30న హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ తెలుగు చిత్రాన్ని రంగుల్లో విడుదల చేసింది.