ఇంటి కంచె – రాజ్యపు కంచె

దడి, కంచె, ప్రహరి - ఈ మాటలు వినుటకు చిన్నవి. కాని వీని వెనుక ఒక పెద్ద ప్రశ్న కలదు. హద్దును ఎవరు, ఎవరి సమ్మతితో, ఎవరి మేలు కొరకు వేయవలెను? భారతదేశ చరిత్రయందు ఈ ప్రశ్నకు పరస్పర విరుద్ధములైన రెండు సమాధానములు కానవచ్చుచున్నవి.

మైసూరు ప్రాచ్యగ్రంథాలయమున ఆర్. శ్యామశాస్త్రి 1905లో గుర్తించి 1909లో ప్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమున, మూడవ అధికరణమునందు గృహవాస్తువును గూర్చిన నియమములు కలవు. రెండిండ్ల నడుమ ఒక కిష్కువు గాని మూడు పాదములు గాని ఎడముండవలెను. చూరుల నడుమ నాలుగు అంగుళముల సందు విడువవలెను, లేదా ఒకదానిపై నొకటి కప్పవలెను. వెలుతురు కొరకైన కిటికీ చిన్నదై ఎత్తున నుండవలెను. ఒకని వాకిలియో కిటికీయో ఎదుటి యింటికి బాధ కలిగించినచో దండనము తప్పదు. నడుమ రాజమార్గమో వీధియో ఉన్నచో ఆ దోషము లేదు. పొరుగువాని చూపునుండి ఇంటి మరుగును కాపాడుటయే ఈ నియమముల ఆంతర్యమని తోచును. అయినను కౌటిల్యుడు అంతటితో నిలువలేదు. గృహస్వాములు కూడి మాట్లాడుకొని తమకు నచ్చినట్లు ఏర్పాటు చేసికొనవచ్చునని, అనిష్టమైనదానిని వారించుకొనవచ్చునని కూడ చెప్పెను. ఇంటి హద్దున రాజాజ్ఞతోపాటు ఇరుగుపొరుగుల ఒడంబడికకును చోటు దొరకినది.

మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయము పొలపు కంచెకు కొలత చెప్పినది. ఒంటె పైనుండి తొంగిచూడలేనంత ఎత్తుండవలెను. కుక్కయు పందియు మూతి దూర్చగల కంతలన్నిటిని మూయవలెను. కంచె లేని చేను పశువులు మేసినచో కాపరికి దండనము లేదు. కంచె యున్నచో నూరు పణములు చెల్లింపవలెను. అనగా రక్షణ కోరువాడు ముందు తన విధిని తాను నెరవేర్చవలెను.

పందొమ్మిదవ శతాబ్దమున ఆంగ్ల ప్రభుత్వము వేసిన కంచె వేరు. ఉప్పుపన్ను తక్కువగానున్న ప్రాంతములనుండి ఎక్కువగానున్న ప్రాంతములకు ఉప్పు దొంగతనముగా పోకుండుటకై సుంకపురేఖ నొకదానిని ఏర్పరచిరి. 1869 నాటికి అది సింధునది మొదలు మహానది వరకు సుమారు 2,300 మైళ్ళు సాగెను. దాదాపు 12,000 మంది దానిని కావలి కాచిరి. 1867 నుండి 1870 వరకు ఆ శాఖకు అధిపతిగానున్న ఎ. ఓ. హ్యూమ్ ఎండుకంపల స్థానమున పచ్చని మొక్కలను విరివిగా నాటించెను. తరువాత 1885లో భారత జాతీయ కాంగ్రెసు స్థాపనకు పూనుకొన్నవాడును ఇతడే. తుమ్మ, రేగు, వాక, నాగజెముడు, బొంతజెముడు - నేల నెరిగి వీనిని పెంచిరి. నడుమ గచ్చతీగను అల్లించిరి. బాగుగా ఎదిగినచోట ఆ కంచె 10 మొదలు 14 అడుగుల ఎత్తుండెను.

పేదవాని దొడ్డికి మరుగైన మొక్కలే పేదవాని గంజిలోని ఉప్పునకు అడ్డుగోడ యయ్యెను. మొక్కలలో భేదము లేదు. నాటినవారి ఉద్దేశమున కలదు. ఇంటి కంచె లోపలివారిని కాచును. ఈ కంచె ఖజానాను కాచినది; ఇరువైపుల ప్రజలలో దేనికి సమ్మతియని అడిగినవారు లేరు. కంచే చేను మేసినదను తెలుగు సామెతకు ఇంతకంటె పెద్ద ఉదాహరణము చరిత్రలో అరుదు.

ఉప్పు తయారగు చోటులు ప్రభుత్వపు చేతికి వచ్చి, పన్నులలోని వ్యత్యాసము తగ్గినపిదప 1879 ఏప్రిల్ 1న ఆ రేఖను ఎత్తివేసిరి. పన్ను మాత్రము 1947 వరకు నిలిచెను. కాపు లేని కంచె ఎండి, నరకబడి, పొలములలో కలసిపోయెను. రాయ్ మాక్సమ్ అను ఆంగ్లేయుడు ఏండ్లతరబడి వెదకి, దాని అవశేషమును కనుగొని, 2001లో గ్రంథము ప్రకటించువరకు దానిని తలచినవారే తక్కువ. ఇరుగుపొరుగుల ఒడంబడికతో పెరిగిన దడి మాత్రము ఏటేట కత్తిరింపబడుచు, ఏటేట చిగురించుచు, గ్రామములలో నేటికిని నిలిచియున్నది.